అత్తమ్మ పోసే కడుగు నీళ్ళు, తమ్ముడు తెచ్చిన రబ్బరు మొక్క

ప్రశ్న: అక్కా, మాది బల్లార్పూర్. పోయిన దసరాకు కొత్త ఇంట్లోకి వచ్చాం. గృహప్రవేశానికి మా తమ్ముడు రబ్బరు మొక్క తెచ్చాడు. ఇంట్లో గాలిని శుభ్రం చేస్తుందట. వచ్చినప్పుడు నా నడుము ఎత్తు ఉండేది, 17 ఆకులు నిగనిగలాడుతూ ఉండేవి. ఇప్పుడు 9 మిగిలాయి. కింది నుంచి ఒక్కొక్కటే పసుపు రంగుకు తిరిగి, చెయ్యి తగిలితే చాలు ఊడి వస్తోంది. సంచి చిన్నదిగా ఉందని మా ఆయన పెద్ద సిమెంటు కుండీ తెచ్చి, పొలం నుంచి మంచి నల్లమట్టి తెప్పించి అందులోకి మార్చారు. హాల్లో టీవీ పక్కన పెట్టాం. నేను రోజూ పొద్దున చెంబుడు నీళ్ళు పోస్తాను. పాలు కారే చెట్టు ఇంట్లో ఉండకూడదని మా అత్తమ్మ రోజూ అంటూనే ఉంటారు, అయినా బియ్యం కడిగిన నీళ్ళు మాత్రం దానికే పోస్తారు. ఈ మధ్య కుండీ చుట్టూ దోమకన్నా చిన్న నల్ల ఈగలు తిరుగుతున్నాయి. తీసి పెరట్లో పాతేద్దామని మా ఆయన అంటున్నారు. వేసవిలో కూలర్ దగ్గర పెట్టవచ్చా? కొసన ఎర్రగా సన్నటి మొగ్గ వచ్చింది, పువ్వు పూస్తుందా? ఇంట్లో రెండేళ్ళ పాప కూడా ఉంది. కొంచెం వివరంగా చెప్పండి.
ఒక పాఠకురాలు, బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా

జవాబు: చెల్లీ, మీరు రాసినవాటిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ నల్ల ఈగల మాట. ఆకులు పసుపు కావడానికి పది కారణాలు ఉండవచ్చు. ఆ ఈగలు కుండీని వదలకుండా తిరుగుతున్నాయంటే మాత్రం మట్టి ఆరడం లేదని అర్థం. అవి తడిగా ఉన్న పైమట్టిలో గుడ్లు పెడతాయి. వాటి పురుగులు బూజునూ కుళ్ళునూ తిని బతుకుతాయి, అవి చాలకపోతే లేత వేళ్ళు కొరుకుతాయి. మరి ఆ బూజుకు మేత ఎక్కడిదంటే, అత్తమ్మ పోసే కడుగులోని పిండి. మీరు చెంబుడు, ఆవిడ గిన్నెడు. మధ్యలో మీ ఆయన కూడా గ్లాసులో మిగిలిన నీళ్ళు అందులోనే ఒంపుతున్నారేమో ఒకసారి కనుక్కోండి, మా ఇంట్లో అలాగే జరిగేది. పట్టించుకునేవాళ్ళు లేక ఎండిపోయిన మొక్కలను నేను తక్కువే చూశాను. తలా ఒకరు నీళ్ళు పోసి ముంచేసిన మొక్కలను లెక్కలేనన్ని చూశాను.

ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఒక పని చేయండి. దేవుడి దగ్గర కాలిపోయిన అగరుబత్తి పుల్ల ఉంటుంది కదా, దాన్ని కుండీ అంచుకూ కాండానికీ మధ్యలో వీలైనంత లోతుగా గుచ్చి, పది నిమిషాలు ఆగి తీయండి. పుల్ల తడిసి, మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్ళ మాట ఎత్తవద్దు. తర్వాత దాన్ని వాసన చూడండి. తొలకరి వాసన వస్తే ఫరవాలేదు. పులిసిన వాసన, మురుగు వాసన వస్తే అడుగున వేళ్ళు కుళ్ళుతున్నాయి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి రెండోదే వస్తుందని నా అనుమానం. నీళ్ళు చాలక రాలే ఆకు వేరుగా ఉంటుంది. ముందు వేలాడుతుంది, అంచులు గోధుమ రంగుకు తిరిగి అప్పడంలా పెళుసెక్కుతాయి. మీ ఆకు మెత్తగా ఉండగానే పసుపెక్కి, తాకితే ఊడుతోంది. అది దాహం కాదు.

మీకు ఒక సందేహం రావచ్చు. ఇది ఎక్కడి చెట్టు? అస్సాం, మేఘాలయ, ఆపై బర్మా, మలయా వైపు వాన అడవుల చెట్టు. మేఘాలయలోని మాసిన్రామ్‌లో ఏడాదికి సగటున 11,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన చంద్రపూర్ వైపు పడేది 1,200 అటూ ఇటూ. అంత వాన తాగే చెట్టుకు నా చెంబుడు నీళ్ళు ఎక్కువయ్యాయా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకునేదాన్ని. అసలు సంగతి ఆ చెట్టు పుట్టుకలో ఉంది. ఇది మర్రి, రావి, మేడి, జువ్విల కుటుంబం. పండు తిన్న పక్షి ఏ చెట్టు పంగలోనో రెట్ట వేస్తే అక్కడ మొలకెత్తుతుంది. కింద నేల ఉండదు. పంగలో చేరిన గుప్పెడు ఆకుల చెత్త, నాచు, అంతే దాని మట్టి. వాన కుండపోతగా పడుతుంది, పడినది పడినట్టే జారిపోతుంది. వేళ్ళు నిమిషంలో తడుస్తాయి, మరు నిమిషంలో గాలి పీలుస్తాయి. ఆ తర్వాత ఎప్పటికో ఊడలు దించి నేల అందుకుంటుంది. నీళ్ళు పారే చోట పుట్టిన దాన్ని మనం నీళ్ళు నిలిచే చోట పెడుతున్నాం.

పైగా పెట్టింది ఎందులో, నల్లరేగడిలో. మీ ఆయనను తప్పుపట్టడం లేదు. వరోరా నుంచి రాజురా దాకా పత్తి పండించే మట్టి అది, పొలంలో దానికి సాటి లేదు. కుండీలో మాత్రం అది పనికిరాదు. తడిస్తే ఉబ్బి, గాలి దూరే సందులన్నీ మూసుకుంటాయి. ఆరితే కుదించుకుని కుండీ గోడ నుంచి విడిపోతుంది, పోసిన నీళ్ళు ఆ సందులోంచి బయటికి జారిపోతాయి, మధ్యలో వేరుముద్ద పొడిగానే ఉంటుంది. అంటే ముంచినా చస్తుంది, ఎండినా చస్తుంది. దానికి తోడు సిమెంటు కుండీ పెద్దది. చిన్న మొక్కకు పెద్ద కుండీ ఇస్తే తొందరగా ఎదుగుతుందని అందరూ అనుకుంటారు. వేళ్ళు ఎంత మేర ఉన్నాయో అంత మేరే నీళ్ళు పీల్చుకుంటాయి. మిగతా మట్టి వారాల తరబడి బురదగానే ఉంటుంది.

కాబట్టి మళ్ళీ మార్చాలి. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి దాటకుండా చేస్తే మంచిది. మొక్కను బయటికి తీసి, ఆ నల్లమట్టిని బకెట్ నీళ్ళలో ముంచి మెల్లగా కరిగించండి. లోపల ఇంకొక ఉండ కనిపిస్తుంది చూడండి. కడియం నర్సరీల లాంటి చోట్ల నుంచి లారీల్లో దూరం వచ్చే మొక్కలకు దారిలో వేళ్ళు కదలకుండా బంకమట్టి గట్టిగా పట్టించి ఉంటుంది. ప్రయాణానికి అది మంచిదే, ఇంటికి వచ్చాక మాత్రం అదే గొంతుకు అడ్డం. దాన్ని పూర్తిగా పీకకండి, చుట్టూ వేళ్ళతో గిల్లి సగం వరకు వదులు చేయండి, చాలు. ఇప్పుడు ఒక్కొక్క వేరునూ రెండు వేళ్ళ మధ్య పట్టి లాగండి. గట్టిగా నిలిస్తే బతికి ఉంది. పైతొక్క జారిపోయి లోపల దారంలాంటి నార మిగిలితే చచ్చిపోయింది. చచ్చినవన్నీ శుభ్రమైన కత్తెరతో తీసేయండి. సగం పోయినా భయపడవద్దు, ఇది మొండి జాతి.

కొత్త కుండీ మట్టిదైతే మంచిది. గోడలు ఊపిరి తీసుకుంటాయి, తడి దానంతట అదే ఆరుతుంది. మిగిలిన వేరుముద్దకన్నా చుట్టూ రెండు అంగుళాలు ఎక్కువ ఉంటే చాలు. మట్టి కలపడానికి నా లెక్క: రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు వార్ధా నది ముతక ఇసుక, ఒక పాలు కొబ్బరిపొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు. నాలుగు గుప్పిళ్ళ కట్టెబొగ్గు ముక్కలు కూడా కలుపుతాను. కట్టెబొగ్గు అంటున్నాను, గని బొగ్గు కాదు. మన వైపు ఈ మాట విడమరిచి చెప్పకపోతే ప్రమాదం. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అలా విడిపోకపోతే ఇంకొంచెం ఇసుక వేయండి. కుండీ అడుగున కంకర పోస్తే నీళ్ళు బాగా దిగుతాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. మట్టి నుంచి కంకరలోకి నీళ్ళు తేలిగ్గా దిగవు, కంకరకు పైన మట్టిలోనే ఆగిపోతాయి. అంటే తడి ఇంకా పైకి, వేళ్ళ దగ్గరికే వస్తుంది. చిల్లు మీద పగిలిన పెంకు ఒకటి బోర్లా పెడితే సరిపోతుంది.

నాటాక ఒకసారి నిండా పోసి, అడుగు నుంచి కారనిచ్చి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయండి. ఆ తర్వాత మీ గడియారం మీ పుల్లే. పుల్ల పొడిగా వస్తేనే నీళ్ళు. ఈ నెలలో అది వారానికి ఒకసారి కావచ్చు, పది రోజులకు కావచ్చు. ఒకటిన్నర నెల దాకా ఏ ఎరువూ వద్దు. పైన రెండు అంగుళాలు ఆరుతూ ఉంటే నెల రోజుల్లో ఈగలు వాటంతట అవే పోతాయి. ఇక కడుగు నీళ్ళ సంగతి. అత్తమ్మను మానమని చెప్పవద్దు. పెరట్లో కరివేపాకు ఉంటే దానికి పోయమనండి. దానికి కడుగూ పుల్లమజ్జిగా పోసి పెంచడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. నేలలో ఉన్న చెట్టు ఆ గంజిని అరిగించుకుంటుంది. కరివేపాకు లేకపోతే ఒక మొక్క తెచ్చి ఆవిడ చేతికే ఇవ్వండి.

ఇప్పుడు వెలుతురు. మీరు దీని గురించి అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. టీవీ పక్క మూల మన కంటికి వెలుతురుగానే కనిపిస్తుంది. మన కన్ను చీకటికి సర్దుకుపోతుంది, ఆకు సర్దుకుపోలేదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు 1,00,000 లక్స్ దాకా ఉంటుంది, హాల్లో లోపలి మూల 100 కూడా ఉండకపోవచ్చు. నర్సరీలో పచ్చవల కింద పెరిగిన మొక్క అది. దాన్ని ఒక్కసారిగా అంత చీకట్లోకి తెస్తే, ఇన్ని ఆకులను పోషించలేనని కింది వాటిని వదులుకుంటుంది. వెలుతురు తగ్గితే నీళ్ళు తాగడం కూడా తగ్గుతుంది. మీరు మాత్రం అదే చెంబుతో పోస్తున్నారు. రాలిన ఎనిమిది ఆకుల్లో రెండు మూడు ఈ ఖాతాలోవే అయి ఉంటాయి.

చోటు ఎంచుకోవడానికి ఒక చిట్కా. పొద్దున పదకొండు గంటలకు, మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, దానికి జానెడు పైన అరచెయ్యి చాపండి. నీడ అంచులు కత్తితో కోసినట్టు ఉంటే ఎండ ఎక్కువ. నీడే పడకపోతే చీకటి. మసకగా, ఇది చెయ్యే అని తెలిసేలా ఉంటే అదే దాని చోటు. తూర్పు కిటికీకి రెండు మూడడుగుల దూరంలో మామూలుగా ఇలాంటి నీడ పడుతుంది. పొద్దుటి లేత ఎండ తగిలినా మంచిదే. చోటు దొరికాక దాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పవద్దు.

అత్తమ్మ మాటకు వద్దాం. నేను దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయను. పాలు కారే చెట్లన్నిటిలో ఇంటికి దగ్గరగా మొలిచేవి రావి, మర్రి. చంద్రపూర్ గోండు రాజుల కోటగోడ మీద రావి మొక్కలు రాళ్ళను ఎలా విడదీస్తాయో మీరూ చూసే ఉంటారు. గోడ పగులులో మొలిచిన చిటికెడు మొక్కను ఆ రోజే పీకకపోతే పదేళ్ళకు గోడనే తీసుకుపోతుంది. అది తెలిసినవాళ్ళు పాలచెట్టు ఇంట్లో వద్దన్నారు. ఇంకొక సంగతి, ఆ పాలు నిజంగానే మంచివి కావు. చర్మానికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు. కంట్లో పడితే మంట. పాప ఆకు కొరికితే నోరు మండి, కడుపులో తిప్పవచ్చు. పిల్లికీ కుక్కకూ కూడా అంతే. కాబట్టి పాప చెయ్యి అందని ఎత్తు బల్ల మీద పెట్టండి, రాలిన ఆకును వెంటనే ఏరేయండి. ఇక్కడిదాకా మీ అత్తమ్మ చెప్పింది సరైనదే. ఇంట్లో కుండీలో, వేళ్ళకు హద్దు గీసి, ఏటా కొస తుంచుతూ పెంచే మొక్క గోడ జోలికి పోదు. ఆవిడకు మనసొప్పకపోతే వరండాలో పెట్టండి. హాలుకన్నా వరండానే దానికి సుఖం, ఇంట్లో గొడవా ఉండదు.

ఆ పాల కథ ఒకటి చెప్పాలి, అత్తమ్మకు కూడా చదివి వినిపించండి. మన సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్ళాడు. 1810 చివర్లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి ఆయనకు ఒక బుట్టలో తేనె వచ్చింది. బుట్ట బెత్తం చీలికలతో అల్లినది, సందులున్నది. తేనె చుక్క కూడా కారలేదు. చూస్తే లోపలంతా ఏదో చెట్టు పాలు పూసి ఆరబెట్టారు. తేనె తీశాక బుట్ట పనికిరాదని పారేయకుండా, ఆ పూత ఏమిటని ఆరా తీశాడాయన. ఆ చెట్టే ఇది. దీని శాస్త్రీయ నామంలోని ఎలాస్టికా అనే మాట ఆయన పెట్టిందే. కొంతకాలం అస్సాంలో దీని పాల నుంచే రబ్బరు తీశారు. తర్వాత 1876లో బ్రెజిల్ నుంచి విత్తనాలు తెచ్చి ఆసియాలో నాటిన వేరే చెట్టు దాన్ని వెనక్కి నెట్టేసింది. కేరళలో గీత పెట్టి పాలు తీసేది ఆ బ్రెజిల్ చెట్టుకు. మీ స్కూటర్ టైరుకూ మీ హాల్లో మొక్కకూ ఇప్పుడు చుట్టరికం పేరు వరకే.

పెరట్లో పాతడం గురించి మీ ఆయనకు నా సొంత అనుభవం చెబుతాను. గని కాలనీలో మేం ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాం. కుండీలో ఇమడడం లేదని ఒక రబ్బరు మొక్కను క్వార్టర్ వెనక, గోడకు ఐదడుగుల దూరంలో నాటాను. ఎంత సంబరంగా పెరిగిందో! మూడేళ్ళకు కప్పు దాటింది, కింద పిల్లలు ఆడుకునే నీడ. ఎనిమిదో ఏట స్నానాల గదిలో నీళ్ళు పోవడం మానేశాయి. పైపు తవ్వి తీసి పగలగొడితే లోపల నీళ్ళు లేవు, మట్టి లేదు. పైపు ఆకారంలోనే పోతపోసినట్టు నిలువునా వేళ్ళ జడ. సన్నటి లేత వేళ్ళు, కొబ్బరి పీచులా చిక్కుపడి, చెయ్యి పెడితే తడిగా చల్లగా ఉంది. పైపు అతుకులో వెంట్రుకంత సందు దొరికితే దానికి చాలు. చెట్టు కొట్టించడానికి రెండు రోజులు పట్టింది, మోడు చిగురించకుండా చేయడానికి రెండేళ్ళు పట్టింది. అడవిలో ఇది 30 నుంచి 40 మీటర్లు పెరుగుతుంది. మేఘాలయలో ఖాసీలు, జయంతియాలు దీని ఊడలనే వాగుల మీదుగా అవతలి గట్టుకు పాకించి, పది ఇరవై ఏళ్ళు ఓపిక పట్టి వంతెనలు పెంచుతారు. నోంగ్రియాట్‌లో అలాంటిది రెండంతస్తులది ఉంది. మనుషులను మోసే వేళ్ళు మీ కొత్త ఇంటి సెప్టిక్ ట్యాంకు పక్కన ఏం చేస్తాయో ఆయననే ఆలోచించుకోమనండి. పొలం గట్టు మీద, బావికీ పైపులకూ దూరంగా చోటుంటే నాటుకోండి. ఇంటి పెరట్లో వద్దు.

వేసవి గురించి. మే నెలలో మన దగ్గర 46, 47 డిగ్రీలు మామూలే. నీడలో ఉంటే ఈ మొక్క దాన్ని తట్టుకుంటుంది, వడగాలిని తట్టుకోలేదు. ఒకసారి ఏప్రిల్‌లో ఆకులు కడగాలని మేడ మీదికి తీసుకెళ్ళి, ఫోను రావడంతో మరిచిపోయాను. రెండు గంటల ఎండకే ఐదు ఆకుల మీద ఇస్త్రీ పెట్టె పెట్టినట్టు మచ్చలు పడ్డాయి. ఆ మచ్చ మళ్ళీ పచ్చబడదు. కూలర్ విషయంలో మీరు అనుకున్నది సగం నిజం. వట్టివేళ్ళ తడక మీదుగా వచ్చే తేమగాలి దానికి ఇష్టమే, గాలి నేరుగా మీద కొట్టడం ఇష్టం లేదు. కూలర్ ఒక గోడకు ఉంటే మొక్క ఎదుటి గోడకు. పడమటి కిటికీ మధ్యాహ్నం తెరిచి ఉంటే దాని దారిలో అసలు పెట్టవద్దు. మట్టికుండీ కాబట్టి మే నెలలో మూడు నాలుగు రోజులకే పుల్ల పొడిగా రావచ్చు, అప్పుడు మొహమాటపడకుండా పోయండి. ఎండాకాలంలో ఆకు అడుగున, ఈనెల పక్కన తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే పిండినల్లి. తడి దూదితో తుడిచి, వేపనూనెలో రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్ళు సాయంత్రం పూట చల్లండి. డిసెంబరు చలిలో రాత్రి 10 డిగ్రీలకు దిగినప్పుడు వరండా నుంచి లోపలికి తెచ్చుకోండి.

మీరు రాయకపోయినా నాకు తెలిసిన ఇంకొక సంగతి మన వైపు బొగ్గు దుమ్ము. వేలితో ఆకు మీద గీస్తే గీత పడుతుంది కదా? ఆ దుమ్ము ఉన్న మేరకు ఆకుకు వెలుతురు అందదు. పదిహేను రోజులకొకసారి అరచేతిని ఆకు కింద ఆనించి, తడి పాతబట్టతో కాడ నుంచి కొస దాకా తుడవండి. బట్టకు అంటే నలుపు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. బోరు నీళ్ళు తెల్ల మరకలు వేస్తుంటే కాచి చల్లార్చినవి వాడండి. మెరుపు కోసం కొబ్బరినూనె రాయవద్దు. నూనె రాస్తే ఆకు రంధ్రాలు మూసుకుపోతాయని అంటారు, అసలు ఈ మొక్కకు రంధ్రాలు ఆకు అడుగునే ఉంటాయి, పైన ఉండవు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినవాళ్ళకు ఈ ఆకు ముక్కను సన్నగా కోసి, మైక్రోస్కోపు కింద ద్రాక్షగుత్తిలాంటి సున్నపు ముద్ద కోసం వెతికిన రోజులు గుర్తుండే ఉంటాయి. నూనె వద్దనడానికి నా కారణం చిన్నది: మరుసటి రోజుకే బొగ్గు దుమ్మంతా దానికి పట్టుకుని, ఈసారి తుడిచినా పోదు.

మీ తమ్ముడు చెప్పిన గాలి శుభ్రత మాట. దాని మూలం 1989లో నాసా చేసిన ప్రయోగాలు, అవి గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. కిటికీలూ తలుపులూ ఉన్న ఇంట్లో అంత ఫలితం రావాలంటే ప్రతి చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో ఆ పరిశోధనలన్నిటినీ మళ్ళీ లెక్కగట్టినవాళ్ళు తేల్చారు. అన్ని మొక్కలు పెడితే మీరు ఎక్కడ కూర్చుంటారు? తమ్ముడికి ఈ సంగతి చెప్పనవసరం లేదు. చూడడానికి బాగుంటుంది, అక్క ఇల్లని ప్రేమగా తెచ్చాడు, చాలదా?

ఆ ఎర్ర మొగ్గ పువ్వు కాదు. కొత్త ఆకును చుట్టి ఉంచే తొడుగు. రోజూ చూస్తూ ఉండండి, మిరపకాయలా పొడవు సాగి, ఒక రోజు ఒక పక్కన చీలుతుంది. లోపల చుట్ట చుట్టిన ఆకు లేత రాగిరంగులో, తడి కాగితంలా మెత్తగా ఉంటుంది. తొడుగు ఎండి దానంతట అదే రాలిపోతుంది. తొందరపడి పీకితే ఆకు మీద మచ్చ మిగులుతుంది. పువ్వంటారా, మేడిపండులాగే దీనికీ పువ్వులు కాయ లోపలే ఉంటాయి, వాటిలో దూరి పుప్పొడి మోసే కందిరీగ జాతి కూడా దీనికి వేరుగా ఉంటుంది. ఇంట్లో కుండీలో అదంతా జరగదు. వేళ్ళు ఇంత ఇబ్బందిలో ఉండి కూడా కొత్త ఆకు తొడుగుతోందంటే, మీ మొక్కకు ఇంకా ప్రాణం గట్టిగానే ఉంది.

రాలిన ఎనిమిది ఆకుల చోట మళ్ళీ ఆకులు రావు. కింద మోడుగా, పైన గొడుగులా ఉండిపోతుంది. అది మీకు నచ్చకపోతే జూలై దాకా ఆగండి. వానలు పడ్డాక, కింది ఆకుకు జానెడు కిందుగా అంగుళం వెడల్పున బెరడు చుట్టూ ఒలిచి, కారిన పాలు తడిబట్టతో తుడిచి, తడిపి పిండిన నాచుగానీ కొబ్బరిపొట్టుగానీ పిడికెడు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి రెండు చివరలా దారంతో కట్టండి. గాలి అంటు అంటారు దీన్ని. చేతులకు ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్ తొడుగులు వేసుకోండి, పాపను ఆ పూట పక్కింట్లో ఉంచండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కాగితం లోపల తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. అప్పుడు దాని కింద కోసి, పైముక్కను కొత్త కుండీలో నాటుకోండి. మిగిలిన మోడును పారేయవద్దు, నెల తిరిగేలోగా పక్కల నుంచి రెండు మూడు చిగుర్లు వేస్తుంది. అది వరండాలో పెట్టి అత్తమ్మకు అప్పగించండి. ఆవిడకు కూడా ఒక అగరుబత్తి పుల్ల ఇవ్వండి.